ఏడో శనివారం
ఈ ఏడాది మొదట్లో ఇంటిల్లిపాదీ కాశీ వెళ్లొచ్చాం. వచ్చిన నెలకే నాయనమ్మకి పక్షవాతం. ల్యాప్‌టాప్ పట్టుకుని ఆత్రేయపురం వచ్చేశాను. వాడపల్లి వెంకన్నకి ఏడు శనివారాలు మొక్కుకున్నాను. ఆరు పూర్తయ్యాయి. ఏడో శనివారం బయల్దేరుతుంటే నాయనమ్మ నా చెయ్యి వదల్లేదు. ఆగిపోయాను. మొక్కు తప్పిందని రాత్రంతా ఏడుపే.

వానలో తడిసి మా గుమ్మంలోకొచ్చిన కుక్కపిల్ల మాత్రం ఆవిడ మంచం కింద హాయిగా పడుకుంది. అప్పుడు గుర్తొచ్చింది, మహాప్రస్థానిక పర్వం. వెంట నడిచిన కుక్కని వదిలేస్తేనే స్వర్గం అన్నాడు ఇంద్రుడు. వదలనన్నాడు ధర్మరాజు. ఆ కుక్కే ధర్మదేవత!

గుడి మానేయమనడం లేదండి. వచ్చే శనివారం వెళ్తాను. కానీ మనల్ని నమ్ముకున్న చెయ్యి వదిలించుకుని వెళ్తే, స్వామి ముందు ఏ చేతులు జోడిస్తాం?

ఓం నమో వేంకటేశాయ.