ముందువరుసలోని సాక్ష్యము

తన్ను నలుగురు గుర్తింపవలెనని మనుష్యుడు కోరుట దోషమా? కాదనియే నా యభిప్రాయము. కూరలమ్మునామె వీధిలో కేక వేయకున్న వంకాయలు తట్టలోనే వాడిపోవును. వైద్యుడు తలుపుమీద పలక కట్టకున్న రోగి మఱియొకరి తలుపు తట్టును. కావున ప్రసిద్ధిని కోరుటయే పాపమను వైరాగ్యవాదులతో నేను ఏకీభవింపను. అయితే ఆ కేక యెవరిది, దానిని ఎవరి గొంతుతో వేయుచున్నాము అను ప్రశ్న వేఱు. నేను విచారింపదలచినది ఆ రెండవ ప్రశ్నను.

ఈ కాలమున వీధి మారినది. చేవెళ్లలో పూలు పండించువాడు గాని, మొయినాబాదులో తోటయిల్లు అద్దెకిచ్చువాడు గాని హైదరాబాదు వీధులలో తిరుగనక్కఱలేదు. గూగులులో కనబడిన చాలును. మొదటి పుటలో కనబడనివాడు లేనివానితో సమానము. ఇంతటి యధికారము ఒక యంత్రమునకు ఎట్లు వచ్చినదో కొంచెము తెలిసికొనవలసియున్నది.

తొలినాటి సెర్చి ఇంజనులు వెదకెడు మాట పుటలో ఎన్నిమారులున్నదో ముఖ్యముగా లెక్కించెడివి. ఇది కనిపెట్టి కొందఱు తెల్లని పుటపై తెల్లని యక్షరములతో ఒకే మాటను వందలమార్లు నింపిరి. చదువరికి కనబడదు, యంత్రమునకు కనబడును. 1998లో స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయ విద్యార్థులైన ల్యారీ పేజి, సెర్గీ బ్రిన్ అనువారు వేఱొక మార్గము చూపిరి. ఒక పుట తన్నుగూర్చి తాను చెప్పుకొనునది కాదు, ఇతర పుటలు దానికి లంకె కట్టి సూచించుటయే దాని విలువ. గౌరవము గల పుట సూచించినచో ఆ సూచనకు బరువెక్కువ. మన నైయాయికులు శబ్దప్రమాణమునకు ఆప్తుని మూలముగా చేసిన తీరు నాకిక్కడ స్ఫురించుచున్నది. విషయము తెలిసి, తెలిసినదానిని ఉన్నదున్నట్లు చెప్పగోరువాడు ఆప్తుడు. లంకె అనగా సాక్ష్యము. యంత్రము సాక్షులను లెక్కించి, వారి యోగ్యతను తూచి తీర్పు చెప్పును.

సాక్ష్యముతో పని యున్నచోట కొనబడు సాక్షులు పుట్టుట క్రొత్త కాదు. పుటలకు పుటలు సృష్టించి, ఒకదాని కొకటి లంకెలు కట్టి, వానిని అమ్ముకొను వ్యాపారము లేచినది. 2011 ఫిబ్రవరిలో అమెరికాలోని జె.సి. పెన్నీ యను పెద్ద దుకాణము కొన్న లంకెల బలముతో ముందువరుసకు వచ్చినదని న్యూయార్కు టైమ్స్ పత్రిక బయటపెట్టగా, గూగులు దానిని వెనుకకు నెట్టెను. 2012 ఏప్రిలులో పెంగ్విన్ అను మార్పుతో ఇట్టి దొంగలంకెలకు శిక్ష విధించెను. ఒక త్రోవ మూసిన మఱియొకటి తెఱచిరి. ఇప్పుడు లంకెలతోపాటు రివ్యూలును సాక్ష్యములైనవి. ఈ త్రోవలో నేనును కొంతదూరము నడచితిని గాన, ఇతరులను తప్పుపట్టుటకు ముందు దానిని చెప్పుట న్యాయము.

మూడేండ్ల క్రిందట నా పూర్వవిద్యార్థి యొకడు మా యింటికి వచ్చెను. చేవెళ్ల వైపున రెండెకరములలో చామంతియు గులాబీయు పండించువాడు. తెల్లవాఱకమునుపే గుడిమల్కాపూరు మార్కెటునకు పూలు చేర్చి, దళారి చెప్పిన ధరకు పోసి వచ్చుటతో విసిగి, పెండ్లిపందిళ్లకు తానే నేరుగా అమ్మవలెనని వెబ్‌సైటు పెట్టించినాడు. మొదటి పుటలోనికి తెత్తునని నగరములోని యొకడు 18,000 రూపాయలు తీసికొని, పదిమంది మెచ్చుకొన్నట్లు రివ్యూలు వ్రాయించుకొమ్మని యుపాయము చెప్పెనట. “సార్, మీరు రాస్తే మంచిగుంటది. నాకు అట్ల రాయరాదు” అని వాడు ప్రాధేయపడెను.

మొదట కాదంటిని. పిమ్మట వ్రాసితిని. వాని పూలు మంచివే గదా, చెప్పిన మాట నిజమైనప్పుడు చెప్పినవారెవరైన నేమి అని నాకు నేనే సమాధానము చెప్పుకొంటిని. ఇన్నేండ్లు హేత్వాభాసములను గూర్చి చదివినవానికి తన మనస్సులోని హేత్వాభాసము కనబడలేదు. ఆఱు రివ్యూలు వ్రాసితిని. ఒకటి వరుని యన్నగారిది, ఒకటి ఫంక్షను హాలు మేనేజరుది, ఒకటి పెండ్లికూతురి తల్లిది. ఆ తల్లి మాటలకు నేను చాల శ్రద్ధ వహించితిని. ముహూర్తము తెల్లవాఱుజామున నున్నను పూలు రాత్రి పదిగంటలకే తడియారకుండ వచ్చినవనియు, ఆడపిల్ల పెండ్లిలో తల్లికెంత దిగులో ఈ యబ్బాయికి తెలియుననియు ఆమెచేత చెప్పించితిని. వ్రాసి, చదువుకొని, సంతోషించితిని గూడ.

మాఘమాసములో ఒకే రాత్రి మూడు పెండ్లిండ్లకు వాడు ఒప్పుకొనెను. సొంత తోట చాలలేదు. బయట కొన్న పూలును చాలలేదు. శంకరపల్లి వైపు జరిగిన పెండ్లికి బండి ముహూర్తము దాటిన పిమ్మట చేరెను. వారము తరువాత ఆ పెండ్లికూతురి తల్లి తోటకు వచ్చినపుడు నేనచ్చటనే యుంటిని. ఆమె పోట్లాడలేదు. “పైసల గురించి కాదు సార్. గంత మంచిగ రాసినామె గూడ ఆడపిల్ల తల్లే గద అని నమ్మిన. ఆమె ఫోన్ నంబరుంటె ఇయ్యుండ్రి, ఒక్క మాట అడుగుత” అనెను.

నంబరు లేదు, ఆ తల్లియే లేదు. నేనే వ్రాసితినని చెప్పితిని. ఆమె నన్ను కొంతసేపు చూచి, “మీరు పిల్లలకు సదువు చెప్తరా?” అని యడిగి లేచిపోయెను.

నేను వ్రాసిన వాక్యములలో పూలను గూర్చినది చాలవఱకు నిజమే. ఐనను ఆమె నమ్మినది ఆ వాక్యములను గాదు. తనవలెనే దిగులుపడి, తనకంటె ముందు ఆ దిగులు తీఱిన యొక స్త్రీని నమ్మినది. వ్యాపారి తన పలకపై ఎంత గొప్పగా వ్రాసికొన్నను చదువువాడు కొంత తగ్గించుకొని చదువును; ఆ తగ్గింపు లోకములో నడచు లెక్క. సాక్షిని సృష్టించినప్పుడు ఆ తగ్గింపునకు అవకాశము పోవును. అంతేగాక తరువాత నిజమైన తల్లి యెవరైన నిజమే వ్రాసినను ఆ మాటకు విలువ తఱిగిపోవును. నేను దొంగిలించినది ఇంకను నోరు విప్పని వారి సొమ్ము.

“అందరు అట్లనే చేస్తుండ్రు సార్, మనమొక్కలం చేయకపోతే ఎట్ల బతుకుతం?” అని మా విద్యార్థి యడిగిన ప్రశ్నను తేలికగా త్రోసివేయుటకు వీలులేదు. ముందువరుసను నడపువారే దానిని అమ్ముచున్నారు. ప్రకటనలతో బ్రతుకు సెర్చి ఇంజను ప్రకటనకర్తల వైపు మొగ్గునని పేజి, బ్రిన్‌లే 1998 నాటి తమ వ్యాసములో హెచ్చరించిరి; 2000లో వారి సంస్థయే ప్రకటనలమ్ముట కారంభించెను. అట్టి పుటలపై చిన్న యక్షరములతో గుర్తు వేయుదురు, నిజమే. ఆ గుర్తును చూచి ఆగువారెందఱు? 2018 ఫిబ్రవరిలో మన దేశపు కాంపిటీషన్ కమిషను, విమానప్రయాణములు వెదకువారికి తన పెట్టెను ప్రముఖముగా చూపుట మున్నగు పక్షపాతములకై గూగులుకు 135.86 కోట్ల రూపాయల జరిమానా విధించెను. తామే మొదటి సెర్చి ఇంజనుగా నిలుచుటకు ఆ సంస్థ 2021లో ఫోనుల తయారీదారులు మున్నగువారికి 2,600 కోట్ల డాలర్లకు పైగా చెల్లించినదని 2024 ఆగస్టులో అమెరికా న్యాయస్థానపు తీర్పులో వెల్లడియైనది. కనబడుటకై మనము దానికి చెల్లింతుము. కనబడుటకై అదియు ఇతరులకు చెల్లించును.

మొయినాబాదు మండలములోనే చిలుకూరు బాలాజీ దేవాలయమున్నది. అచ్చట హుండీ లేదు. డబ్బిచ్చి ముందుకు పోవు దర్శనపు టికెట్టు లేదు. మ్రొక్కుకొనునపుడు 11, తీఱిన పిమ్మట 108 ప్రదక్షిణములు. మంత్రికైనను కూలివానికైనను ఒకటే వరుస. వీసా వచ్చినవాడు రానివానితో చెప్పుటచేత ‘వీసా బాలాజీ’ అను పేరు సముద్రములు దాటెను. ప్రదక్షిణములకు వీసాలు వచ్చునా యను చర్చలోనికి నేను దిగను, నాకందు నమ్మకము తక్కువ. ఆ పేరు అమ్ముడుపోని నోళ్లనుండి వచ్చినదని మాత్రము చెప్పుదును. ఆ దేవాలయమునకు వచ్చెడు వారి చేతిలోని ఫోనులోనే ‘చిలుకూరు చెంత’ అను పేరుతో మైళ్ల దూరపు లేఅవుటులు ముందుగా కనబడుచుండుట వింత.

ఆ లేఅవుటులలో ప్రమాదము పూలకంటె పెద్దది. గండిపేట, హిమాయత్‌సాగరు చెఱువుల రక్షణకై 1996 మార్చిలో ప్రభుత్వము 111వ ఉత్తరువుచే 84 గ్రామములలో కట్టడములపై కఠినమైన నిబంధనలు పెట్టెను. మొయినాబాదు, చేవెళ్ల మండలముల గ్రామములును అందున్నవి. వానిని సడలించుటకు 2022 ఏప్రిలులో 69వ ఉత్తరువు వచ్చెను. అమ్మువాని పుటలో రెండవది పెద్దయక్షరములతో నుండును, మొదటిది ఉండదు. ఉత్తరువును ముందుకు నెట్టువాడెవడును లేడు. ప్లాటును నెట్టువారు వందలకొలది. పింఛను సొమ్ముతో భూమి కొనబోవు ముసలివాడు మొదటి పుటతో ఆగిపోయినచో, దోషములో కొంత భాగము ఆగిన వ్రేలిది గూడ.

కావున నిజము చెప్పువాడు మౌనముగా నుండుట సరిపోదని నేనిప్పుడు తలచుచున్నాను. తెలుగువారమైన మనకు ఈ పాఠము మఱింత యవసరము. మన పత్రికల వెబ్‌సైటులు చాలకాలము తమ తమ సొంత ఫాంటులతో నడచినవి. కంటికది తెలుగే, యంత్రమునకు అర్థములేని గుర్తులు. ఆ వ్రాతలు ఉండియు వెదకువారికి దొరకలేదు. యూనికోడు వచ్చినను మన గ్రామములకు ఒక వ్రాతయైన స్థిరముగా లేదు. ‘చేవెళ్ల’ అని కొందఱు, ‘చేవెళ్ళ’ అని కొందఱు, ఇంగ్లీషు లిపిలో ఎవరిష్టము వారిది. ఊరు, పేరు, ధర, సమయము స్పష్టముగా, వెదకువాడు వాడెడు మాటలతోనే వ్రాయుట మోసము గాదు. అది తట్ట దింపి వేసిన కేక.

ఆ యాఱు రివ్యూలను మేము తీసివేసితిమి. మా విద్యార్థి పుట వెనుకకు జరిగెను. ఆ వేసవిలో వాడు మరల గుడిమల్కాపూరునకే పూలు మోసెను. ఇప్పుడు రాత్రికి ఒక్క పెండ్లికే ఒప్పుకొనుచున్నాడు, ఆ సంగతి పుటపైననే వ్రాసినాడు. శంకరపల్లి తల్లికి సొమ్ము తిరిగి యిచ్చి, జరిగినది జరిగినట్లు వ్రాయుమని వాడే కోరెను. ఆమె రెండు నక్షత్రములిచ్చి, పూలు మంచివని, ఆలస్యముగా వచ్చినవని, పైసలు వాపసు ఇచ్చిరని మూడు వాక్యములు వ్రాసెను. అక్షరదోషములు నాలుగున్నవి. ఆ పుటలో మొదట కనబడునది ఇప్పటికిని అదియే.