'మనం' గెలిచామా?

"మనం గెలిచాం" అని ఫుట్‌బాల్ అభిమాని అంటే నాకు నవ్వొచ్చేది. బంతి తన్నని వాడికి 'మనం' ఎక్కడిది?

ఏఎఫ్‌సీ వింబుల్డన్ కథ తెలిశాక ఆ నవ్వు ఆగింది. 2002లో లండన్‌లోని వాళ్ల జట్టును మిల్టన్ కీన్స్‌కి తరలించుకోవచ్చని అనుమతి వచ్చేసింది. అభిమానులే సొంత క్లబ్ పెట్టుకున్నారు. కింది లీగుల్లోంచి ఒక్కో మెట్టూ ఎక్కి, 2011 మేలో మాంచెస్టర్‌లో పెనాల్టీల్లో 4-3తో గెలిచి ఫుట్‌బాల్ లీగ్‌లోకి వచ్చారు. వాళ్లు 'మనం' అంటే కాదనడానికి నేనెవర్ని?

కానీ ఆ వీడియో చూసినప్పుడల్లా ఓడినవాళ్లు గుర్తొస్తారు. లూటన్ వాళ్లు. పాత యాజమాన్యాల తప్పులకి 2008-09లో 30 పాయింట్లు కోత పడి, లీగ్ నుంచే జారిపోయిన జట్టు. ఆ శిక్షా మోసింది అభిమానులే కదా. ఇక్కడ న్యాయం ఎవరికి జరిగినట్టు?

అయినా చివరి పెనాల్టీ వల తాకగానే ప్రతిసారీ లేచి నిలబడతాను.