పెంపుడు మనిషి

నాకు ఒక పుస్తకం ఇష్టం. ఆ ఇష్టాన్ని చాలాకాలం దాచుకున్నాను. అందులో శృంగారం ఉందని కాదు. శృంగారం రాసిన స్త్రీల పక్షాన సెమినార్లలో గొంతు చించుకున్నదాన్ని, దానికి సిగ్గుపడను. ఆ పుస్తకంలో ఒక మనిషి ఇంకో మనిషిని సొంతం చేసుకుంటాడు, పెంపుడు జంతువులా ఉంచుకుంటాడు, ప్రేమిస్తాడు. మా తాత కంబారి. ఈ రెండు వాక్యాలూ ఒకేచోట రాయడానికి నాకు పదేళ్ళు పట్టింది.

కంబారి అంటే తెలియనివాళ్ళ కోసం చెబుతాను. మా శ్రీకాకుళం, విజయనగరం వైపు ఏడాది లెక్కన రైతు ఇంట్లో పనికి కుదిరిన పాలేరుని కంబారి అంటారు. మా ఊరు రాజాం నుంచి పాలకొండ వెళ్ళే రోడ్డులో కాస్త లోపలికి ఉంటుంది. (రాజాం 2022లో శ్రీకాకుళం జిల్లా నుంచి విజయనగరం జిల్లాలోకి మారింది. నా సర్టిఫికెట్లన్నీ పాత జిల్లావే.) తాత పదేళ్ళవాడప్పుడు తండ్రి చేసిన అప్పు కింద ఒక కామందు ఇంట్లో చేరాడు. పశువుల సాలలోనే పడక. తెల్లారకముందే పేడ ఎత్తడం, ఎడ్లకి కుడితి పెట్టడం, తరవాత పొలం. గోగు కోతల కాలంలో మోపులు చెరువులో ఊరబెట్టి, నడుంలోతు మురుగునీళ్ళలో నిలబడి నార తీయడం. ఏడాదికింత ధాన్యం, రెండు పంచెలు. మేం మాలలం కాబట్టి గడప తొక్కనిచ్చేవారు కాదు. చోడి అంబలి సాల దగ్గరే, విడిగా ఉంచిన చిప్పలో పోసేవారు. వెట్టిచాకిరీ రద్దు చట్టం 1976లో వచ్చింది. తాత ఆ తర్వాత కూడా నాలుగైదేళ్ళు అక్కడే ఉన్నాడు.

పుస్తకం సంగతి. హైదరాబాదులో పిహెచ్.డి. చేస్తున్నప్పుడు హాస్టల్లో నా రూమ్మేట్‌ది ఇంఫాల్. తన లాప్‌టాప్‌లో జపాన్ యానిమేషన్ సినిమాలు గుట్టలుగా ఉండేవి. ఒక రాత్రి ‘ఐ నో కుసాబి’ పెట్టింది. ‘ప్రేమ చీల’ అనుకోవచ్చు, చెక్కలో దిగ్గొట్టే చీల. రియెకో యొషిహర అనే రచయిత్రి నవల అది. జపాన్‌లో 1986-87లో ఒక పత్రికలో సీరియల్‌గా వచ్చింది, 1992లో యానిమేషన్‌గా తీశారు, 2007 నుంచి ఇంగ్లీషులో సంపుటాలు వచ్చాయి. యావోయి అని పిలిచే సాహిత్యంలో దీనికి పెద్ద పేరు. యావోయి అంటే స్త్రీలు ప్రధానంగా స్త్రీల కోసమే రాసుకునే, ఇద్దరు మగవాళ్ళ ప్రేమకథలు. ‘శిఖరం లేదు, ముగింపు లేదు, అర్థం లేదు’ అనే మూడు జపనీస్ మాటల మొదటి అక్షరాలతో కట్టిన పేరు. తమని తాము వెక్కిరించుకుంటూ పెట్టుకున్న పేరు కాబట్టే నాకు నచ్చింది.

కథ ఒక భవిష్యత్ లోకంలో జరుగుతుంది. జూపిటర్ అనే కంప్యూటర్ పాలిస్తుంది. దాని కింద జుట్టు రంగును బట్టి అంతస్తులు. బంగారు జుట్టువాళ్ళు అందరికంటే పైన, పౌరసత్వమే లేని మురికివాడ మనుషులు అట్టడుగున. (వర్ణం అనే మాటకి ఇంతకంటే సూటి అనువాదం నేను చూడలేదు.) పైవాళ్ళు మనుషుల్ని పెట్స్‌గా ఉంచుకుంటారు. చూసి ఆనందించాలి గానీ తాకకూడదు, కొంతకాలం ఉంచుకుని పారేయాలి, అదీ అక్కడి మర్యాద. ఇయాసన్ అనే ప్రభువు మురికివాడ కుర్రాడు రికిని తెచ్చుకుని ఆ మర్యాద తప్పుతాడు. తాకుతాడు, పారేయకుండా మూడేళ్ళు ఉంచుకుంటాడు. రికి కొట్లాడతాడు, అవమానపడతాడు, పారిపోవాలని చూస్తాడు. చివరికి తప్పించుకునే వీలుండీ, కూలిపోతున్న చోట చావడానికి ఇయాసన్ దగ్గరికే వెనక్కి వెళతాడు.

ఆ రాత్రి నేను ఏడ్చాను. తెల్లారి లేచి ఏడ్చినందుకు నామీద నాకు కోపమొచ్చింది.

ఎందుకు నచ్చింది అన్నది నా చదువుకి సంబంధించిన ప్రశ్న కూడా. నా సిద్ధాంత వ్యాసం తెలుగు పాపులర్ నవలల మీద. 1960ల్లో యద్దనపూడి సులోచనారాణి ‘సెక్రటరీ’ చదివి మన అమ్మలూ పిన్నులూ రాజశేఖరాన్ని ఎందుకు ప్రేమించారో నాకు తెలుసు. అన్నీ ఉన్నవాడు, ఎవరి అవసరమూ లేనివాడు, ఒక్క అమ్మాయి ముందు తడబడతాడు. అమెరికాలో జానిస్ రాడ్వే 1984లో రొమాన్స్ పాఠకురాళ్ళ మీద రాసిన పుస్తకంలోనూ ఇంచుమించు ఇదే. నాయకుడి కాఠిన్యాన్ని వాళ్ళు ప్రేమకి ముందుమాటగా చదువుకుంటారు. ఇయాసన్ ఆ నాయకుడికి చివరి మెట్టు. హోదా పోయినా, ప్రాణం పోయినా ఫరవాలేదు, ఈ ఒక్కడే కావాలంటాడు. అధికారం నన్ను మాత్రమే చూడాలి, చూసి పాడైపోవాలి. ఇందులో లొంగుబాటు ఎంత ఉందో కక్ష కూడా అంతే ఉంది.

ఇద్దరూ మగవాళ్ళు కావడం వల్ల ఇంకొక వెసులుబాటు. గొలుసుతో ఉన్నది ఆడమనిషి అయితే నేను చదవలేను. అది కథలా ఉండదు, మా వీధిలో విన్న కేకలా ఉంటుంది. మగవాడి ఒంటిమీద అదే అవమానం జరిగితే కాస్త దూరం నిలబడి చూడగలుగుతాను. అక్కడ గర్భం లేదు, పరువు లేదు, అత్తగారు లేదు. ఒకసారి వీడినవుతాను, ఒకసారి వాడినవుతాను. కానీ ఈ వెసులుబాటు ఎవరి ఖర్చుతో వస్తోంది? 1992లో జపాన్‌లోనే ఒక చిన్న స్త్రీవాద పత్రికలో మసకి సాతో అనే గే ఉద్యమకారుడు ఈ మాటే అడిగాడు. మా బతుకుల్ని మీ ఆటవస్తువులు చేసుకున్నారు అన్నాడు. దానిమీద ఏళ్ళ తరబడి చర్చ నడిచింది. మన దేశంలో స్వలింగ ప్రేమ నేరం కాదని సుప్రీంకోర్టు చెప్పింది 2018 సెప్టెంబరులో. అంతకుముందే హాస్టల్ గదిలో దుప్పటి కప్పుకుని ఇద్దరు మగవాళ్ళ ప్రేమని ఆస్వాదించిన నేను, ఆ కేసు గురించి ఒక్క మీటింగుకి కూడా వెళ్ళలేదు. సాతో మాటకి నా దగ్గర జవాబు లేదు.

అయినా ఆ నవలలో ఒక నిజాయితీ ఉంది. యాజమాన్యాన్ని యాజమాన్యం అనే అంటుంది. మనం అనం. కూతుర్ని ‘దానం’ చేస్తాం. అల్లుడితో ‘మా పిల్లని ఏలుకో బాబూ’ అంటాం. ఏలిక, ఏలుకోవడం ఒకే ధాతువు. భర్త వదిలేసిన మనిషిని ‘వాడు ఏలుకోలేదు’ అంటాం. ‘పెంపుడు’ అన్న మాట కొడుక్కీ కుక్కకీ కూడా సరిపోతుంది. ఆ గ్రహం మీద పెట్‌కి రిజిస్ట్రేషన్ ఉంటుంది, ఉంగరం ఉంటుంది. మంగళసూత్రానికీ దానికీ తేడా చెప్పమని ఎవరైనా విద్యార్థిని అడిగితే నేను కాసేపు ఆలోచించుకోవాల్సి వస్తుంది.

ఇంతవరకూ స్త్రీగా చదివాను. మనవరాలిగా చదివినప్పుడే చిక్కు.

కామందు చనిపోయినప్పుడు తాత ఏడ్చాడు. నాయనమ్మ చెప్పేది: “పెదబాబు పోనప్పుడు మీ తాత రెండ్రోజులు కూడు ముట్టనేదు. కన్నకొడుకునాగ సూసినారు ఆయన.” గడప తొక్కనివ్వని వాళ్ళు కన్నకొడుకులా ఎలా చూస్తారే అని నేను గొడవపడేదాన్ని. జొరం వస్తే మందిప్పించారు, నాన్న పుట్టినప్పుడు కొత్త పంచె పెట్టారు, ఊళ్ళో ఎవరైనా తాతని తిడితే ‘మావాడిని అంటావా’ అని మీదికెళ్ళారు, అని లెక్క చెప్పేది. తాత దాన్ని ప్రేమనే అనుకున్నాడు. తిరిగి ప్రేమించాడు. ఒక పెద్దమనిషికి, చాలా ఉద్యమాలు చూసినవాడికి, ఈ సంగతి చెబితే ‘అది బానిస మనస్తత్వమమ్మా’ అని ఒక్కమాటలో తేల్చేశారు. నాకు బాధేసింది. ఆయనన్నది తప్పని కాదు. తాత ఏడుపు తాతది కాకుండా పోయింది ఆ మాటతో.

మా జిల్లా రచయిత కాళీపట్నం రామారావు ‘యజ్ఞం’లో అప్పల్రాముడి కొడుకు సీతారాముడు, తన బిడ్డ అప్పు కింద బానిస కాకూడదని ఆ పసివాణ్ణి చంపేస్తాడు. ఆ కథ చదివినప్పుడల్లా నాకు ఊపిరాడదు. మా ముత్తాత ఆ పని చేయలేదు, కొడుకుని కంబారిగా పంపాడు, అందుకే నేనున్నాను. నర్సింగరావు 1988లో తీసిన ‘దాసి’లో దొర గడీలో కొనుక్కొచ్చిన కమలాక్షి మీద ప్రేమకథ ఎవరూ అల్లలేరు. ఆ సినిమా అలాంటి సందు ఇవ్వదు. మా సాహిత్యం బానిస గురించి ఈ పద్ధతిలోనే చెప్పింది, చెప్పాలి కూడా. మరి ప్రభువు మీద ప్రేమ పెంచుకున్న మా తాత ఆ కథల్లో ఎక్కడ సరిపోతాడు? నమ్మకపోతే మానెయ్యండి, నేను ఆయన్ని మొదటిసారి గుర్తుపట్టింది రికి వెనక్కి నడుస్తున్నప్పుడు. యాజమాన్యం లోపల కూడా మమకారం పుడుతుందనీ, పుట్టినంతమాత్రాన గొలుసు ఊడదనీ ఆ చవకబారు నవలకి తెలుసు.

ఈ మాట రాసుకుని, చాలా గొప్పగా ఉందనుకుని, సెలవులకి ఇంటికొచ్చినప్పుడు నాయనమ్మకి కథ చెప్పాను. కొన్ని సంగతులు దాటేసి, రాజుగారూ ఆయన తెచ్చుకున్న కుర్రాడూ అన్నట్టు చెప్పాను. శ్రద్ధగా వింది. చివర ఇద్దరూ చచ్చిపోయారంటే ‘అయ్యో’ అంది. ఆ తర్వాత అడిగింది: “ఆలిద్దరికీ కూడు ఎవులొండేవోరే గుంటా?”

వండేవాళ్ళున్నారు. నవల్లో వాళ్ళని ‘ఫర్నిచర్’ అంటారు. అదే అధికారిక పదం. చిన్నప్పుడే వృషణాలు తీసేసి పెంచిన కుర్రాళ్ళు. పెట్స్‌కి స్నానం చేయిస్తారు, బట్టలు తొడుగుతారు, తిండి తెస్తారు, తలుపు దగ్గర నిలబడతారు. నేను రెండుసార్లు చూసి, మూడు సంపుటాలు చదివి కూడా వాళ్ళ గురించి నోట్సులో ఒక్క వాక్యం రాసుకోలేదు. తాతని రికిలో వెతుక్కున్నాను. తాత పెట్ కాదు. పెట్‌కి సాటి రానివాళ్ళుండరు, అతని కోసమే ప్రభువు పతనమవుతాడు. తాత పోతే ఇంకో కంబారి వచ్చేవాడు, వచ్చాడు కూడా. ఫర్నిచర్ అంటే కూడా పూర్తిగా అతకదు, వాళ్ళకి కనీసం ఇంటిలోపల చోటుంది.

కామందు ఇంట్లో ఒక ఫొటో ఉండేదట. పందెంలో గెలిచిన ఎడ్లజతని ముందు నిలబెట్టి తీయించినది. దాని అంచున పగ్గం పట్టుకున్న ఒక చెయ్యి ఉంటుందని నాన్న చెప్పాడు. తాతకి అదొక్కటే ఫొటో. నాయనమ్మకి ఆ రెండు ఎడ్ల పేర్లూ చివరిదాకా గుర్తే.

ఇప్పుడు నా ఇబ్బంది ఎక్కడుందో నాకు కొంత తెలుసు. ప్రభువుకీ పెంపుడు మనిషికీ ప్రేమ కుదరడం నన్ను బాధించదు. వాళ్ళిద్దరే ఆ ఇంట్లో ఉన్నట్టు, వాళ్ళు చస్తే లోకం ముగిసినట్టు ఏడవడం బాధిస్తుంది. ఇయాసన్ ప్రేమకి ప్రాణమిచ్చి మూల్యం కట్టాడు. మా పెదబాబు తన మంచం మీద, కొడుకులూ కోడళ్ళ మధ్య పోయాడు. ఆ జానర్ ప్రభువుతో ఎప్పుడూ మూల్యం కట్టిస్తుంది, దాని అబద్ధం అక్కడ.

అలాగని ఇలాంటివి రాయకూడదని గానీ చదవకూడదని గానీ అనలేను. ముద్దుపళని ‘రాధికా సాంత్వనం’ని నాగరత్నమ్మ 1910లో అచ్చువేయిస్తే మరుసటేడే బ్రిటిష్ ప్రభుత్వం నిషేధించింది, ఆ నిషేధం 1947 దాకా ఎత్తలేదు. చైనాలో 2018లో ఇలాంటి నవల రాసి అమ్మినందుకు ఒక రచయిత్రికి పదేళ్ళకు పైగా జైలుశిక్ష వేశారు. ఆ పోలీసుల పక్కన నేను నిలబడను. మా వీధి ఇంజనీరింగు అమ్మాయిలు ఫోన్లలో ఇవే చదువుతున్నారు. ఒకమ్మాయి ‘అక్కా, నీకివి తెలుసా’ అని ఆశ్చర్యపోతే నా దగ్గరున్న సంపుటాలు ఇచ్చాను కూడా. వాళ్ళ నాన్నమ్మ ఎవరింట్లో ఏ పని చేసేదో మాత్రం అడగలేదు.

ఈ మధ్య మళ్ళీ చూశాను. ఈసారి కాట్జే కోసం చూశాను. ఒకప్పుడు ఇయాసన్ ఇంట్లో ఫర్నిచర్, చూడకూడనిది చూసినందుకు యజమాని చెంప మీద గీసిన గాటుతో బతికేవాడు. రికి మంటల్లోకి వెనక్కి వెళ్ళిపోతే, బయట ప్రాణాలతో మిగిలేది అతను. సినిమా అక్కడ అయిపోతుంది. మర్నాడు పొద్దున అతను లేచి ఏం చేసి ఉంటాడో ఎవరూ చూపించరు.

కామందు పోయాక రెండ్రోజులు కూడు ముట్టని తాత, పనికి మాత్రం ఒక్కపూట మానలేదట. దహనం అయిన మర్నాడు కోడికూతకి ముందే లేచి సాలకి వెళ్ళాడు. అదేంటి అన్నాను. నాయనమ్మ నావంక వింతగా చూసింది. “ఎడ్లకి కుడితి ఎవులెడతారు మరి?”