పనికిరానిది ఇస్తే దానమవుతుందా?

2014లో ఐసిస్ ముఠా ఇరాక్‌లోని మోసుల్ నగరాన్ని ఆక్రమించింది. 2017లో ఆ ముఠాను తరిమేసరికి అక్కడి విశ్వవిద్యాలయ గ్రంథాలయం బూడిదకుప్ప. సుమారు పది లక్షల పుస్తకాలు పోయాయి! పఠించమనే ఆజ్ఞతో దివ్యావతరణ మొదలైన ధర్మం పేరు చెప్పుకునేవారి నిర్వాకమిది. స్థానిక యువకులు శిథిలాల్లోంచి వేలాది గ్రంథాలు వెలికితీశారు. దేశవిదేశాల నుంచి పుస్తకాలు వచ్చాయి. 2022లో గ్రంథాలయం మళ్ళీ తెరుచుకుంది.

ఇలాంటి పిలుపు వింటే నిజామాబాద్‌లోనో బోధన్‌లోనో మనం ఏమిస్తాం? బీరువా దులిపి పాత గైడ్లు మూటగట్టి, సదఖయె జారియా అనుకుంటాం. మదీనాలో కొందరు నాసిరకం ఖర్జూర గెలలు మస్జిదుకు తెచ్చినప్పుడు, తాము కళ్ళు మూసుకుంటేగాని పుచ్చుకోనివాటిని ఇవ్వవద్దని దివ్యఖుర్ఆన్ (2:267) వారించింది.

లేనివాడికి ఏదిచ్చినా మేలే కదా అంటారు. కాలం చెల్లిన వైద్యగ్రంథం చదివినవాడి చేతిలో రోగి గతేమిటి?

అయితే పాతదల్లా పనికిరానిది కాదు. 1918లో ఉర్దూ మాధ్యమంలో మొదలైన ఉస్మానియా కోసం దారుత్తర్జుమా అనువదించిన పుస్తకాలు తాతల పెట్టెల్లో ఉంటే, వాటిని మాత్రం చిత్తుకాగితాల కాటాకు వేస్తున్నాం. డిచ్‌పల్లిలోని తెలంగాణ విశ్వవిద్యాలయంలో ఒకసారి అడిగి చూడండి, అట్టలూడినా సరే.