నిండిన యింట చోటు

డిసెంబరు మాసము ప్రవేశించుటతోడనే తెలుగు క్రైస్తవ గృహములలో సందడి ఆరంభమగును. గోడలకు సున్నము వేయింతురు. చూరునకు కాగితపు నక్షత్రము వ్రేలాడగట్టుదురు. పిల్లలకు క్రొత్త బట్టలు కుట్టింతురు. రాత్రివేళ యువజనులు పాటల బృందములుగా బయలుదేరి ఇంటింటి తలుపు తట్టి, రక్షకుని జననవార్త పాడి, ప్రార్థించి, కానుక పుచ్చుకొని మరియొక ఇంటికి పోవుదురు. ఇది తరతరములుగా వచ్చుచున్న చక్కని ఆచారము.

అయితే ఆ బృందము ఒక వీధినుండి మరియొక వీధికి పోవు త్రోవలో, మూసిన దుకాణముల మెట్లమీద, వంతెనల క్రింద, రైల్వే స్టేషను బయట, గోనెపట్టాలు కప్పుకొని పండుకొన్నవారు కనబడుదురు. వారికి తట్టుటకు తలుపు లేదు గనుక పాట అక్కడ ఆగదు. నక్షత్రము కట్టుటకు వారికి చూరు లేదు. ఏ ఇంటను చోటు దొరకక పశువుల తొట్టిలో పరుండబెట్టబడిన శిశువును గూర్చిన పాట, ఏ ఇల్లును లేనివారి ప్రక్కగా నడిచి, ఇండ్లుగలవారి యొద్దకే చేరుచున్నది. ఇందులో ఎవరికిని దురుద్దేశము లేదు. దురుద్దేశము లేకుండ జరుగుచున్న ఈ లోపమునకు విశ్వాసి బాధ్యుడా, కాడా? ఆలోచింపవలసిన ప్రశ్న ఇదియే.

లూకా సువార్త రెండవ అధ్యాయమును నెమ్మదిగా చదువువారికి ఒక సంగతి తోచును. బేత్లెహేములో ఎవరైనను మరియ యోసేపులను దూషించిరని గాని, తరిమివేసిరని గాని సువార్తికుడు వ్రాయలేదు. చోటు లేకపోయెనని మాత్రమే వ్రాసెను. అక్కడ అతడు వాడిన గ్రీకు మాటయే, ప్రభువు కడరాత్రి భోజనమునకు అడిగిన విడిదిగదికిని వాడబడినది (లూకా 22:11). మంచి సమరయుని ఉపమానములో సొమ్ము పుచ్చుకొని బస యిచ్చు ఇంటికి వాడిన మాట వేరు (లూకా 10:34). కావున అది అద్దె సత్రము గాక, చుట్టములతో నిండిపోయిన ఒక ఇంటి అతిథిగది యైయుండవచ్చునని పలువురు పండితులు తలంచుదురు. అట్లయినచో ఆ ఇంటివారు క్రూరులు కారు. వారి ఇల్లు అప్పటికే నిండియుండెను, అంతే.

నేటి పండుగను పరీక్షించుటకు ఈ మాట చాలును. వీధిలోనివానిని ద్వేషించు క్రైస్తవుడు అరుదు. అయినను అతని డిసెంబరు మాసము నిండియున్నది. బట్టల దుకాణము, మిఠాయి దుకాణము, రంగుదీపములు, చేతిలోని ఫోనులో ఎడతెగక కనబడు తగ్గింపు ధరల ప్రకటనలు అతని సమయమును, జీతమును, తలంపును ముందుగానే ఆక్రమించుకొనును. కొందరు అప్పుచేసి మరీ కొందురు. పొరుగువాని ఇంటి వెలుగుకంటె తమ ఇంటి వెలుగు తక్కువగా కనబడునేమో యను భయము పేదవిశ్వాసిని సహితము పట్టి పీడించును. ఇట్లు నిండిన హృదయములోనికి మరియొకడు వచ్చుటకు సందు ఎక్కడిది?

బేత్లెహేము ప్రయాణమునకు కారణము జనసంఖ్య. కైసరు ఔగుస్తు ఆజ్ఞచొప్పున జనులు తమ పేరులు వ్రాయించుకొనవలసియుండగా, ఆ దినములలోనే ప్రభువు పుట్టెను. భారతదేశములోను జనగణన సమయమున ఒక రాత్రి ఇండ్లు లేనివారికొరకే ప్రత్యేకింపబడును. 2011 ఫిబ్రవరి 28 రాత్రి గణకులు కాలిబాటలను, సిమెంటు గొట్టములను, వంతెనల క్రింది స్థలములను, రైల్వే ప్లాట్‌ఫారములను, ప్రార్థనాస్థలముల వసారాలను వెదకి లెక్క వ్రాసికొనిరి. ఆ లెక్కలో దేశమందు సుమారు 17 లక్షల 73 వేలమంది నిరాశ్రయులు తేలిరి. నాటి అవిభక్త ఆంధ్రప్రదేశ్‌లో వారు సుమారు 1 లక్షా 45 వేలు. ఒక్క రాత్రిలో వీధులలో ఉన్నవారినందరిని చూచుట సాధ్యము కాదు గనుక నిజమైన సంఖ్య ఇంకను హెచ్చని ఈ పనిలోనున్నవారు చెప్పుదురు. 2021లో జరుగవలసిన లెక్క వాయిదాపడి 2027కు నిర్ణయింపబడినది. ప్రభుత్వపు లెక్క ఆలస్యమైనను సంఘపు కన్నులు ఆలస్యము చేయనక్కరలేదు.

వీధిలో నిద్రించువాడు సోమరి యని కొందరందురు. నగరములలో తెల్లవారుజామున కూలీల అడ్డా యొద్ద నిలిచి చూచినవారు ఈ మాట అనజాలరు. తాపీపనివారు, మట్టి మోయువారు, మూటలు దింపువారు, కాగితములు ఏరువారు, పెండ్లిభోజనములలో ఎంగిలి విస్తరులు ఎత్తువారు అక్కడ కనబడుదురు. పాలమూరు కూలీలు దూరప్రాంతములకు వలసపోయి కట్టిన ఆనకట్టలు, భవనములు ఎన్నియో కలవు. ఇండ్లు కట్టినవారు వాటిలో కాపురముండు దినము వచ్చునని యెషయా ప్రవక్త చూచిన దర్శనము (యెషయా 65:21, 22) ఇట్టివారిని గూర్చినదే. కట్టినవాడు బయటను, కొన్నవాడు లోపలను ఉండుట ప్రవక్త దృష్టిలో దేవుని చిత్తము కాదు.

దేశపు న్యాయస్థానము సహితము ఈ సంగతిని గుర్తించినది. 1985లో ఓల్గా టెల్లిస్ వ్యాజ్యమున బొంబాయి కాలిబాటవాసుల విషయమై తీర్పు చెప్పుచు, వారు జీవనోపాధికి దగ్గరగా ఉండవలసివచ్చి అక్కడ నివసించుచున్నారనియు, జీవించు హక్కులో జీవనోపాధి హక్కు ఇమిడియున్నదనియు సుప్రీంకోర్టు పలికెను. అయినను తగిన విధమున నోటీసిచ్చి వారిని తొలగింపవచ్చుననియు ఆ తీర్పే చెప్పెను. తరువాతి కాలమున, పట్టణములలో ప్రతి లక్ష జనాభాకు నూరుమందికి సరిపడు ఆశ్రయము ఉండవలెనని ప్రభుత్వ పథకము నియమము చేసినది. అయితే ఆశ్రయము అడ్డాకు దూరమైనచో కూలివాడు అక్కడికి పోడు. తెల్లవారి పని తప్పిపోవునని భయపడును. చట్టము కప్పును చూపగలదు గాని, మనిషిని పేరుపెట్టి పిలువజాలదు.

అయితే పండుగ ఖర్చంతయు పాపమా? వాక్యము అట్లు చెప్పుట లేదు. పండుగను నియమించినవాడు దేవుడే. క్రొవ్విన మాంసము తిని మధురమైనదానిని త్రాగుడని నెహెమ్యా కాలమున ప్రజలకు సెలవియ్యబడినది. అదే నోట, ఏమియు సిద్ధము చేసికొననివారికి వంతులు పంపుడనియు చెప్పబడినది (నెహెమ్యా 8:10). పర్ణశాలల పండుగలో కుమారునితోను కుమార్తెతోను పాటు పరదేశియు, తండ్రిలేనివాడును, విధవరాలును సంతోషింపవలెను (ద్వితీ. 16:14). అంతేగాక ఆ ఏడు దినములు ఇల్లుగల ఇశ్రాయేలీయుడు తన ఇల్లు విడిచి కొమ్మల పాకలో నివసింపవలెను (లేవీ. 23:42, 43). ఇల్లులేని కాలమును ఇల్లుగలవాడు మరువకుండుటకు దేవుడు పండుగనే సాధనముగా ఏర్పరచెను. కావున బీదల వంతు పండుగలో ఒక భాగము. అది తీసివేయబడినప్పుడు మిగులునది కొనుగోలు మాత్రమే.

బేతనియలో అత్తరు పోసిన స్త్రీని ప్రభువు మెచ్చుకొనెను గదా, బీదలు ఎల్లప్పుడును ఉందురని ఆయనయే సెలవిచ్చెను గదా అని కొందరు వాదింతురు. ఆ మాటకు మూలము ద్వితీయోపదేశకాండము 15:11. బీదలు దేశములో ఉండకమానరు గనుక చెయ్యి చాపవలెనని అక్కడి ఆజ్ఞ. మార్కు సువార్తలో ప్రభువు, ఇష్టమైనప్పుడెల్ల వారికి మేలు చేయవచ్చుననియు చేర్చెను (మార్కు 14:7). ఆ స్త్రీ తన విలువైన దానిని మరియొకనిమీద పోసెను, తనమీద పోసికొనలేదు. తమమీద తాము పోసికొనువారు ఆమె మాటున దాగజాలరు.

అందమునకును బీదలకును వైరము లేదని మెదకు దేవాలయము సాక్ష్యమిచ్చుచున్నది. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠింపబడిన ఆ మహామందిరమును పాస్నెట్ దొరగారు కట్టించుచుండగా, కరువుచే అలమటించిన పరిసరగ్రామముల ప్రజలకు ఆ పని అన్నము పెట్టినది. అక్కడ ప్రతి రాయి వెనుక ఒక కూలి ఉన్నది. నాల్గవ శతాబ్దమున అంతియొకయలో ప్రసంగించిన క్రిసొస్తొము భక్తుడు బల్లమీది బంగారు పాత్రలను తప్పుపట్టలేదు. క్రీస్తు చలిలో బయట ఉండగా వాటితో తృప్తిచెందుటను తప్పుపట్టెను.

ఇక విశ్వాసి చేయగలిగినదేమి? డిసెంబరులో ఒక దుప్పటి పంచి, ఛాయాచిత్రము తీయించుకొని, జనవరిలో మరచుట సులభము. దుప్పటి అవసరమే, చలి ఆగదు. అయితే దానితో లెక్క తీరిపోయినదనుకొనుట మోసము. తన ఇల్లు కట్టినవాని కూలి పండుగకు ముందే చెల్లించుట మొదటి కానుక, ఆ కూలి సూర్యుడు అస్తమింపకమునుపే ఇయ్యవలెనని ధర్మశాస్త్రము చెప్పుచున్నది (ద్వితీ. 24:15). కుటుంబపు పండుగ పద్దులో వ్రాయబడు మొదటి వరుస, మిగిలినదానిలోనిది కాక, ఇల్లులేనివాని వంతు కావచ్చును. రాత్రులందు తాళము పడియుండు సంఘపు గదులలో ఒకటి చలికాలము తెరువబడవచ్చును. చిరునామా లేక రేషను కార్డు పొందలేనివానితో చదువుకొన్న విశ్వాసి ఒకడు ఆఫీసుకు నడిచి పోవచ్చును. పాటల బృందము వంతెన క్రింద ఆగి, పాడుటకు ముందు, అక్కడివారి పేరులు అడుగవచ్చును. నిద్రించువారిని లేపి పాడుట మర్యాద కాదు గనుక, కొంచెము పెందలకడ పోవలెను.

వీటితో నగరములందలి నిరాశ్రయత అంతమొందదు. భూమి, కూలి, అద్దె, వలస అనునవి ఒక సంఘపు చేతిలో లేవు. అయినను నిండిన ఇంటిలో ఎవరు జరుగుదురను ప్రశ్న ప్రతి ఇంటివారి చేతిలో ఉన్నది. బేత్లెహేములోని ఆ ఇంటిలో ఆ రాత్రి మేడలు కట్టువాడు అక్కరలేకపోయెను. చాప మీదనున్న ఒకడు లేచి కొంచెము ప్రక్కకు జరిగియున్నయెడల తల్లికిని బిడ్డకును చోటు దొరకియుండెడిది.