వృత్తి నిర్ణయము - కాయక దృష్టి

పట్టభద్ర పరీక్ష ముగించి యింటికి వచ్చిన కుమారుని గృహస్థుడు మొదట అడుగు ప్రశ్న "ఇక ఏ ఉద్యోగము దొరకును?" అనునది. "ఏ పని చక్కగా చేయగలవు?" అని అడుగువారు అరుదు.

"మన ధర్మమున కాయకములన్నియు సమానములే కదా! దొరికినదే చేసికొనవలెను. ఎంపిక యెందుకు?" అని మన పెద్దలు కొందరు చెప్పుచుందురు. వినుటకు ఇది శరణుల మాటవలెనే యుండును. కాని కాయకములు గౌరవమున సమానములు గాని, చేయువాని శక్తికి సమానములు కావు. మడివాళ మాచయ్య బట్టలుతికెను. అంబిగర చౌడయ్య పడవ నడపెను. నులియ చందయ్య త్రాళ్లు పేనెను. బసవేశ్వరుడు బిజ్జలుని కొలువున భాండారియై యుండెను. అనుభవ మంటపమున వీరందరును సమానులే. అంతమాత్రమున చౌడయ్యకు కోశాగారపు లెక్కలను, బసవన్నకు తెడ్డును అప్పగించియుండినచో పడవయు సాగెడిది కాదు, రాజ్యమును సాగెడిది కాదు.

శరణులలో పలువురు కులవృత్తినే చేసిరి గనుక అదియే కాయకమని వాదించువారును కలరు. ఇది మరింత ప్రమాదకరమైన వాదము. హరళయ్య కుమారునికి మధువరసు కుమార్తెనిచ్చి వివాహము జరిపిన కళ్యాణము, పుట్టుకకును మనిషి స్థానమునకును గల ముడిని తెంచినది. అందుకు ఆ తండ్రులిద్దరును ప్రాణములే అర్పించిరని మన సంప్రదాయము చెప్పుచున్నది. పుట్టుక వృత్తిని నిర్ణయింపరాదన్నచో ఆ నిర్ణయభారము మనిషిపైననే పడును. భారము మోయవలసినవానికి ముందుగా త్రోవ తెలియవలెను గదా!

ఖమ్మము నుండి భద్రాచలము అడవుల వరకు గల మన ప్రాంతమున ఇది వట్టి శాస్త్రచర్చ కాదు. ఇల్లందు, కొత్తగూడెము, మణుగూరులలోని సింగరేణి కుటుంబములందు తండ్రి అనారోగ్యముచే గని విడువవలసివచ్చినచో కుమారునికి ఉద్యోగమిచ్చు ఏర్పాటు కలదు. డిగ్రీ చదువుచున్న బాలుడు పుస్తకము మూసి గనికి పోవును. నేను దీనిని తప్పనను. ఇంటి పొయ్యి వెలుగుటయు ధర్మమే. కాని గనిలో ముందుకు పోవు మార్గమును అతనికి చెప్పినవారెవరు? మైనింగు సర్దారు, ఓవర్‌మాన్ ధ్రువపత్రములకు గనుల భద్రతా డైరెక్టరేటువారి పరీక్షలు కలవనియు, ప్రథమచికిత్స, వాయుపరీక్ష నేర్చియుండవలెననియు తెలిసినవాడు తన పనిని మెట్టుగా చూచును. తెలియనివాడు శిక్షగా చూచును. తోటివారి ప్రాణములకు కాపలాయుండు సర్దారు పని ఏ కార్యాలయపు కుర్చీకి తక్కువ? కొత్తగూడెమున 1978లో నెలకొన్న గనుల విద్యాలయము క్రమముగా ఎదిగి, 2025లో డాక్టర్ మన్మోహన్ సింగ్ పేర భూవిజ్ఞాన విశ్వవిద్యాలయమైనది. ఇంటి ప్రక్కనే ఇంతటి విద్య యుండగా దానిని గూర్చి విచారింపని తలిదండ్రులనేమందుము?

"స్థిరమైన కొలువు" అను మాటను గూర్చియు ఆలోచింపవలెను. 1990వ దశకపు ఆరంభమున సింగరేణిలో లక్షకు పైబడి కార్మికులుండిరి. నేడు అందులో సగమును లేరు. పాల్వంచలో పాత విద్యుత్కేంద్రపు ఎనిమిది శీతలీకరణ గోపురములను 2024 ఆగస్టు 5న కూల్చివేసిరి. సంస్థ పేరును గాక, చేతికి వచ్చిన పనిని నమ్ముకొన్నవానికి మరియొక చోట నిలుచు ధైర్యమైనను మిగులును.

ఇక జీతము మాట. వరుని ఉద్యోగమునకు "పై సంపాదన" యున్నదా యని అడుగు సంబంధములను నేటికిని వినుచున్నాము, లింగధారుల యిండ్లలోను! ఆయ్దక్కి మారయ్య నేల రాలిన బియ్యమేరి తెచ్చెడివాడు. ఒకనాడు అలవాటుకన్న ఎక్కువ తేగా, లక్కమ్మ ఇంట పెట్టుకొననీయక తిరిగి పంపెను. మన పిల్లలు ఎంచుకొను పనికి దీనికన్న మంచి పరీక్ష నాకు తోచుటలేదు: అదనపు గింజలను తిరిగి పంపుటకు ఆ పనిలో వీలున్నదా? లంచమిచ్చి కొన్న కొలువున ఆ వీలు మొదటిరోజుననే పోవును; అప్పు తీర్చు ఆలోచనతోనే అది ఆరంభమగును. మరియు "కుమార్తెకు పెండ్లివరకే చదువు" అనువారు, ఆ యింట ధర్మమును నిలిపినది లక్కమ్మయేనని మరువరాదు.

మఠములు చేయదగిన పని యొకటి కలదు. వైశాఖ శుద్ధ తదియనాడు వచ్చు బసవ జయంతి వేసవియందే గదా. నాటి దాసోహమున అన్నముతోపాటు ఒక పూట అనుభవమును వడ్డింపవచ్చును. నర్సును, లైన్‌మాన్‌ను, ఉపాధ్యాయుని, రైతును పిలిచి తమ దినచర్య యెట్లుండునో, ఏ పరీక్ష వ్రాసిరో, తొలి యేండ్లలో చేతికెంత వచ్చెనో దాపరికము లేక చెప్పింపవలెను. ఆసక్తి చూపిన పిల్లలను ఒక నెల వారి వెంట పంపవలెను. దుమ్ముగూడెము, చర్లల కోయ పిల్లలకును ఆ సభలో చోటుండవలెను. మంటపపు ద్వారము లింగధారులకు మాత్రమేయని బసవన్న యెన్నడు ననలేదు. మొదటి యేడు ఒక గని సర్దారును పిలువుడు. ఆయన ఆసనమును స్వామివారి ప్రక్కనే వేయుడు.