వంకర బొమ్మ ఎవరిది?

పిల్లల మ్యూజియం అంటే చూసి వెళ్లిపోయే చోటు కాదు, ముట్టుకుని, చేసి చూసే చోటు. ఈ ఆలోచన కొత్తది కాదు. పిల్లల కోసమే పెట్టిన మొదటి మ్యూజియం 1899లో అమెరికాలోని బ్రూక్లిన్‌లో వెలిసింది. 1962లో బోస్టన్ పిల్లల మ్యూజియానికి డైరెక్టరుగా వచ్చిన మైకేల్ స్పాక్ అద్దాల బీరువాల్లోని వస్తువులను పిల్లల చేతికి అందనిచ్చాడు. మన దేశంలో 1956లో నెహ్రూ చొరవతో ఢిల్లీలో బాలభవన్ మొదలైంది.

మా తెలుగు సంఘం హాల్లోనూ అటువంటి గది ఒకటి పెట్టి, మొదటగా పిల్లలచేత తోలుబొమ్మలాట కట్టించాలని అనుకుంటున్నాం. తోలుకు బదులు నూనె పూసిన దళసరి కాగితం, కీళ్లకు దారపు ముళ్లు, తెరకు తెల్ల పంచె, వెనక బల్బు. ఇంతవరకూ అందరిదీ ఒకటే మాట. పేచీ అంతా ఒక్క ప్రశ్న దగ్గర వచ్చింది. పిల్లవాడు చేసిన బొమ్మ వంకరగా ఉంటే, ఆటకు ముందు పెద్దవాళ్లు దాన్ని సరిచేయవచ్చా?

చేయాలనేవారి వాదన తీసిపారేయదగ్గది కాదు. తెరమీద హనుమంతుడి చెయ్యి లేవకపోతే నలుగురిలో నవ్వులపాలయ్యేది ఆ పిల్లవాడే. ఒకసారి చిన్నబుచ్చుకున్నవాడు మళ్లీ కత్తెర పట్టకపోవచ్చు. దయతో చేసే దిద్దుబాటును తప్పనడం ఎలా?

అయినా ఇందులో ఇద్దరికి అన్యాయం జరుగుతుందని నాకనిపిస్తుంది. మొదట పిల్లవాడికి. చప్పట్లు తన పనికి రాలేదని వాడికి తెలుసు. ఒకరు చేసిన పనికింద మరొకరి సంతకం ఉంటే బ్యాంకులో ఒప్పుకోం. పిల్లల దగ్గరకు వచ్చేసరికి అదే పనిని ప్రోత్సాహం అంటున్నాం.

రెండో అన్యాయం అసలు కళాకారుడికి. ధర్మవరం దగ్గరి నిమ్మలకుంటలో మేకతోలును శుభ్రం చేసి, వెలుగు దూరేంత పలచన చేసి, సన్నని రంధ్రాలు కొట్టి, రంగులు వేసి, అవయవాలను విడివిడిగా కోసి కలుపుతారు. ఆ ఊరి దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. అరగంటలో చక్కని బొమ్మ చేసేశానని నమ్మి ఇంటికి వెళ్లే పిల్లవాడికి ఆ శ్రమ విలువ ఎలా తెలుస్తుంది? తన ముడి రెండుసార్లు జారిపోయినవాడు అసలు బొమ్మను చూసినప్పుడు, ‘ఇదెలా కట్టారు?’ అని అడుగుతాడు. ఆ ప్రశ్న పుట్టించలేని మ్యూజియం ఎందుకు?

అలాగని పిల్లవాణ్ణి వాడి ఖర్మానికి వదిలేయమనను. కత్తితో చేసే పని పెద్దలే చేయాలి. ముడి వేయడం వేరే దారంతో చూపవచ్చు. ముందురోజే దీపం వెలిగించి, నీడ ఎలా పడుతున్నదో వాణ్ణే చూసుకోమనవచ్చు. చూపడం వేరు, చేసిపెట్టడం వేరు. ఇక నవ్వుల సంగతంటారా, దానికి ఉపాయం ఆ ఆటలోనే ఉంది. మొదటి ఏడాది రాముడూ హనుమంతుడూ వద్దు. కేతిగాడినీ బంగారక్కనూ చేయిద్దాం. వాళ్లు వంకరగా ఉంటేనే ఆట రక్తి కడుతుంది.

ఈ ప్రశ్న బొమ్మలతో ఆగేది కాదు. తరతరాలుగా ఈ బొమ్మలాడించే కుటుంబాల్లో చాలామంది ఇంట్లో మాట్లాడేది మరాఠీ మాండలికం. తెర వెనక పలికేది మాత్రం తెలుగు. నేర్చుకున్న భాషలోనే వాళ్లు జనాన్ని నవ్వించారు, ఏడిపించారు. ఇక్కడ కన్నడ బడికి వెళ్లే మన పిల్లలు తెలుగులో ఒక వాక్యం మొదలుపెట్టగానే మనం సగంలో అందుకుని, దిద్ది, పూర్తిచేస్తాం. పిల్లవాడు రెండోసారి కన్నడంలోనే జవాబిస్తాడు. భాష నిలబెట్టామని మనం అనుకుంటాం.

బొమ్మల మాటలు పెద్దల గొంతుతో రికార్డు చేసి వినిపిద్దామని సంఘంలో ఒక సూచన వచ్చింది. స్పష్టంగా ఉంటుందట. నేను ఒప్పుకోలేదు. కేతిగాడి వంకర చేతిని కదిలించే పిల్లవాడే వాడి మాటలూ పలకాలి, తనకు వచ్చిన తెలుగులోనే. మధ్యలో ఒక కన్నడ మాట దొర్లితే దొర్లనిద్దాం.